లచ్చమ్మ పద్యంలో నేను మార్చిన పాదం

కంపోజింగు పనిలో చేరబోయేవాళ్లు అప్పుడప్పుడు నా దగ్గరికి వచ్చి, మొదట ఏం నేర్చుకోవాలని అడుగుతుంటారు. చేతులు కడుక్కోవడం అంటాను. ముసలాయన హాస్యమాడుతున్నాడనుకొని నవ్వుతారు. సీసపు అక్షరాలు ఏరిన వేళ్లతోనే అన్నం కలుపుకొని కడుపు చెడగొట్టుకున్నవాళ్లను నేను చాలామందిని చూశాను. కాబట్టి మొదటి పాఠం అదే. రెండో పాఠం ఒక్క ముక్కలో చెప్పేది కాదు గనుక ఇదంతా రాస్తున్నాను.

వరంగల్లు ప్రెస్సుల్లో నలభై ఏళ్లు నిలబడి పని చేశాను. ఎప్పుడు ఫోర్‌మన్‌నయ్యాను, ఎంత జీతం పెరిగింది అనే కథలు మా ఆవిడకే విసుగు, మీకెందుకు? పెళ్లి పత్రికలు, కరపత్రాలు, బడి పుస్తకాలు బండ్లకొద్దీ కూర్చాను. వాటిలో దొర్లిన తప్పులకు తిట్లు తిన్నాను, మరునాటికి మరిచిపోయాను. మరవలేనిది ఒకటే ఉంది. అది పొరపాటు కూడా కాదు. తెలిసి, కావాలని చేసిన పని.

అప్పుడు నాకు ఇరవై ఏళ్లు. నా పేరు ఆశీర్వాదం. నాయన మిషన్ దవాఖానలో పని చేసేవాడు. స్టేషన్ రోడ్డులో రంగయ్య పంతులుగారి చిన్న ప్రెస్సులో నేను కంపోజిటర్‌ని. గళ్లపెట్టెలోంచి ఒక్కొక్క అక్షరం ఏరి, చేతిలో పట్టే ఇనుప స్టిక్కులో వరుసగా పేర్చడం నా పని. జంగు, అంటే రెండో ప్రపంచ యుద్ధపు రోజులవి. కాగితం దొరకడమే గగనంగా ఉండేది.

వింటూ కూర్చడం

హనుమకొండ బజారులో ధాన్యం దుకాణం ఉన్న వీరేశం సేటు ఒక రోజు మా ప్రెస్సుకు వచ్చాడు. తల్లి పోయి ఏడాది కావస్తున్నది. సంవత్సరీకానికి ఒక భక్తి పుస్తకం అచ్చు వేయించి పంచుతానన్నాడు. ఆ తల్లికి వరంగల్లు కాశిబుగ్గ వాడలో ఉండే లచ్చమ్మ పద్యాలంటే ప్రాణమట. ప్రతి సోమవారం శివాలయంలో ఆమె పాడుతుంటే వినడానికి వెళ్లేదట. అందుకని ఆ పద్యాలే వేయాలన్నాడు.

లచ్చమ్మ నేతపని మనిషి. అరవై దాటిన వయసు, భర్త పోయి చాలాకాలమైంది. మగ్గం మీద కూర్చొని శివుడి మీద పద్యాలు కట్టేది. ఆయనను సాంబయ్య అని ఇంటి మనిషిని పిలిచినట్టు పిలిచేది. నూరు పద్యాలూ ఆమె నోటిలోనే ఉన్నాయి. ఆమెకు చదవడం, రాయడం రాదు.

ముందు ఎవరైనా రాసిపెట్టాలి, దాన్ని చూసి నేను కూర్చాలి. పంతులుగారు రాత కాగితానికి వెనకాడుతుంటే నేను ఛాతీ విరుచుకున్నాను. ఆమె పాడుతుంటే విని నేరుగా స్టిక్కులోకే ఎక్కిస్తానన్నాను. ఇరవై ఏళ్ల పొగరు. పంతులుగారు ఒక షరతు పెట్టారు.

"కూర్చిన ప్రతి ఫారం అవ్వకు సదివి వినిపియ్యాలె. ఆమె తల ఊపకముందు మిషను తిప్పొద్దు. రాతప్రతి లేదు కద, ఆమెనే మనకు రాతప్రతి."

ఫారం అంటే ఎనిమిది పేజీలు. మా దగ్గర ఉన్న అక్షరాలు అంతకే సరిపోయేవి. ఒక ఫారం అచ్చవగానే అక్షరాలన్నీ విడదీసి మళ్లీ గళ్లలో వేసుకుంటేనే తరువాతి ఫారం మొదలుపెట్టగలం.

ఆ విధంగా లచ్చమ్మ రోజూ పొద్దున్నే వచ్చి కాగితాల కట్ట మీద కూర్చొనేది. మొదటి రోజు నా చేతుల వంక చాలాసేపు చూసింది.

"ఇన్ని గళ్లల్ల ఏ అచ్చరం యాడున్నదో ఎట్ల ఎరుక బిడ్డా నీకు?"

"అలవాటు అవ్వా."

"నా మగ్గం గూడ గంతే. కండ్లు మూసుకున్నా చెయ్యి పోతది."

ఆమె పద్యాలు నాకు వింతగా ఉండేవి. మాది పాటల ఇల్లు. అమ్మ పొద్దునా సాయంత్రం కీర్తనలు పాడేది. మేం పాడే ప్రతి పాటా దేవుణ్ణి ఏదో ఒకటి అడిగే ముగుస్తుంది. క్షమించమని, బలమిమ్మని, చివరికి పరలోకం చేర్చమని. లచ్చమ్మ సాంబయ్యతో పోట్లాడేది, ఎకసెక్కాలాడేది, ముద్దు చేసేది. అడగడం మాత్రం కనిపించేది కాదు. ఒక రోజు ఉండబట్టలేక అడిగాను.

"దేవున్ని ఏం అడగవేంది అవ్వా?"

"బట్ట నేసి ఇచ్చేసినంక అది నాదా బిడ్డా? ఎవలు కట్టుకుంటరో, యాడ చింపుతరో నేను అడుగుతనా? నన్ను గట్ల ఇచ్చేసిన ఆయనకు."

"ఏం అడగకుంటే మరి నీకేం మిగిలింది?"

"భయం పోయింది. ఇంకేం గావాలె?"

పెద్దమనిషి ఏదో అంటున్నదిలే అనుకొని తరువాతి పాదం చెప్పమన్నాను.

చివరి ఫారం

నూరో పద్యం చెప్పిన సాయంత్రం ఆమె తాను నాలుగు రోజులు రానని చెప్పింది. వాడకట్టులో పడుగు సాగదీసే పని ఉందట. దారాలకు గంజి పట్టించే ఆ పనికి ఇంటింటి మనిషీ కావాలి. చివరి పద్యం ఇది:

గిద్దెడు నూకలు అడగను, గింజెడు పసిడి అడగను
ముక్తిని కూడ అడగను, మొక్కి ఊరక నిలుతును
పోగును నీ మగ్గానికి, పొడుగెంతో నీకే ఎరుక
తెంపిన నీవే, నేసిన నీవే, నా సాంబయ్య

మరునాడు పొద్దున వీరేశం సేటు వచ్చాడు. లచ్చమ్మ రోజూ కూర్చునే కాగితాల కట్ట మీదే కూర్చున్నాడు. తల్లి గురించి చెప్పడం మొదలుపెట్టాడు. ఆరు నెలలు మంచం పట్టిందట. కాళ్లు వాచి, మండి, పగలనక రాత్రనక మూలిగేదట. చెప్తూ చెప్తూ ఏడ్చాడు. అంత పెద్ద సేటు నా ముందు కండువాతో ముఖం కప్పుకొని ఏడుస్తుంటే నేను చేతిలో స్టిక్కు పక్కన పెట్టేశాను.

"నన్ను విడిపియ్యి బిడ్డా అనుకుంటనే పోయింది తమ్మీ. ఈ పుస్తకం గందుకే. మా అమ్మకు ముక్తి దొరకాలె. ఆఖరు పద్యం జర గట్టిగ ఉండేటట్టు చూడు."

ఆయన వెళ్లిపోయాక కూర్చిపెట్టిన పద్యం వైపు చూశాను. ముక్తిని కూడ అడగను. తల్లి ముక్తి కోసం వేయించే పుస్తకం ఆ మాటతో ముగిస్తే ఆయన గుండె పగలదా? కోపం వచ్చి పుస్తకమే వద్దంటే? పంతులుగారు నా మీద విరుచుకుపడితే? ముసలమ్మ ఊపులో అన్నదే గాని ముక్తి వద్దనే భక్తురాలు లోకంలో ఉంటుందా అని కూడా అనుకున్నాను. నాకు నేను చెప్పుకున్న సాకుల్లో అన్నిటికన్నా సిగ్గులేనిది అదే.

పాదంలో రెండు మాటలు తీసి రెండు మాటలు పెట్టాను. "ముక్తిని మాత్రం అడిగెదను" అయింది. చదవడానికి ఇంపుగానే ఉంది.

"అవ్వ విన్నదా?" అని పంతులుగారు అడిగారు.

"విన్నది" అన్నాను.

సాయంత్రానికి మూడు వందల ప్రతులకు సరిపడా చివరి ఫారం అచ్చయింది. అక్షరాలు విడదీసి గళ్లలో వేసేశాను.

నేను చదివిన అబద్ధం

పుస్తకాలు కుట్టడం పూర్తయిన రోజున లచ్చమ్మ వచ్చింది. గంజి మరకల చీరతోనే వచ్చింది. పుస్తకం చేతిలో పెడితే అటూ ఇటూ తిప్పి, వాసన చూసి నవ్వింది. చివరి పద్యం చదవమన్నది.

పుస్తకం తెరిచాను. చూపు అచ్చు మీద ఉంది. నోరు మాత్రం ఆమె చెప్పిన పద్యాన్నే చెప్పింది. "ముక్తిని కూడ అడగను" అని నేను స్పష్టంగా, రాగం తప్పకుండా చదివాను. ఆమె కళ్లు మూసుకొని విన్నది.

"మంచిగ కూర్చినవ్ బిడ్డా" అని నా తల మీద చెయ్యి పెట్టింది.

ఇంతకన్నా రెండు చెంపలూ వాయించినా బాగుండేది. మాట మార్చడం భయంతో చేశాను. దీనికి ఏ పేరు పెట్టను? ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లు ఇది బాగా వినండి. చదువు రాని మనిషికి మనం చదివి వినిపించేదే పుస్తకం. ఆమెకు కళ్లు ఉన్నాయి, చెవులు ఉన్నాయి, మనకన్నా పదింతలు తెలివి ఉంది. అక్షరం దగ్గర మాత్రం ఆమె మన చేతిలో ఉంటుంది. ఆ చేతిలో ఉన్న మనిషిని మోసం చేసేవాడు ఎంత వేగంగా కూర్చినా కంపోజిటర్ కాదు, దొంగ. నేను ఆ రోజు దొంగనే.

సాయంత్రం ఇంట్లో అమ్మ పాట ఎత్తుకుంది. నేను గొంతు కలపలేకపోయాను.

పడుగు దగ్గర

తెల్లారగానే కాశిబుగ్గకు నడిచాను. ఆమె ఇంటి ముందు వీధి పొడవునా పడుగు సాగదీసి ఉంది. పెద్ద కుంచె పట్టుకొని గంజి పట్టిస్తున్నది. నేను వెనకా ముందూ చూడకుండా అంతా చెప్పేశాను. ఆమె కుంచె ఆపలేదు.

"ఎవలు మార్చుమన్నరు? సేటు అన్నడా?"

"లేదవ్వా. ఎవలు అనలే. నేనే మార్చిన."

"ఎందుకు?"

"సేటు బాధపడతడని. పుస్తకం ఆగిపోతదని. నా పని పోతదని."

"నీ భయం తెచ్చి నా నోట్ల పెట్టినవ్."

ఆమె నాలుగడుగులు జరిగి మళ్లీ గంజి పూసింది.

"మరి నిన్న నాకు సదివినవ్ కద, నా మాటనే సదివినవ్."

"పుస్తకంల ఉన్నది అది కాదవ్వా. నోటికి చెప్పిన."

అప్పుడు ఆగింది కుంచె. ఆమె ముఖం చూడలేక నేను పడుగు వైపు చూశాను.

"నా మొగడు పోయిన నాటి నుంచి ముక్తి ఇయ్యి, ముక్తి ఇయ్యి అని ఏడ్సిన బిడ్డా. రెండు పూటలు ఏడ్సిన. ఎన్నేండ్లకో ఒకనాడు మగ్గం మీద కూసుంటే ఆ ఏడుపు దానంతల అదే పోయింది. ఇచ్చినా సరే, ఇయ్యకున్నా సరే అనిపించింది. ఆ ఒక్క మాట కాడికి వచ్చేటందుకు నాకు బతుకంత పట్టింది. నువ్వు మల్ల నన్ను ఆ ఏడుపు కాడికే తోలినవ్. రేపు నేను సచ్చినంక గూడ ఆ కాగితంల నేను అడుక్కుంటనే ఉంట."

నాకు ఏడుపు ఆగలేదు. ఆమె ఓదార్చలేదు. కుంచె పక్కింటామె చేతికిచ్చి చేతులు కడుక్కున్నది.

"పుస్తకాలు పంచుడు ఎన్నడు?"

"సోమవారం. ఇంక మూడు రోజులున్నది."

"నడువ్ మరి. సేటు కాడికి పోదాం."

హనుమకొండ దుకాణంలో

దారి పొడవునా ఆమె ముందు, నేను వెనక. నా వైపు ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు. దుకాణంలో సేటు ఎదురొచ్చి మర్యాదగానే కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు. నన్నే చెప్పమన్నది. చెప్పాను. సేటు నా మీద కోప్పడతాడనుకున్నాను. ఆయన ముఖం తేటపడింది.

"అయ్యిందేదో అయ్యింది అవ్వా. నాకైతే గిదే మంచిగున్నది. గిట్లనే ఉండనియ్యి."

"నీకు మంచిగుంటే నీ పేరు మీద ఏసుకో సేటూ. నా పేరు మీద వద్దు."

"మా అమ్మకు ముక్తి వద్దంటవా?"

"మీ అమ్మకు వద్దంటలేను. నాకు వద్దంటున్న."

"పుస్తకాలు నావి. సోమవారం పంచుతనని అందరికి చెప్పుకున్న."

"పుస్తకాలు నీయే. మాటలు నాయి. నూరు పద్యాలు తీసేసి ఉత్త కాగితాలు పంచుకో. నేను వద్దనను."

ఆమె గొంతు పెంచలేదు. బియ్యం కొనడానికి వచ్చినవాళ్లు కూడా కదలకుండా నిలబడిపోయారు. సేటు బస్తా మీద కూలబడ్డాడు.

"ఆమె ఎంత తిప్పలు పడ్డదో నీకు ఎరుకలేదు అవ్వా. నీకేంది, వద్దంటవ్. ఆమె విడిపియ్యి విడిపియ్యి అని పోయింది. ఎవలు అడగాలె ఆమె కోసం?"

అప్పుడు లచ్చమ్మ ఆయన పక్కన కూర్చున్నది. తల్లి ఎలా పోయిందో చెప్పమన్నది. ఆయన చెప్పాడు. కాళ్లు మండుతున్నాయనేదట. నీళ్లు పొయ్యమనేదట. పోసిన కాసేపే సల్లగున్నదని నవ్వేదట. ఆమె మధ్యలో ఒక్క మాట అనకుండా విన్నది. తరువాత తొడ మీద వేళ్లతో దరువు వేసుకుంటూ పెదాలు కదిపింది. అంత దగ్గరగా ఒక పద్యం పుట్టడం నేను మళ్లీ ఎన్నడూ చూడలేదు.

నాకై అడగను గాని, నడుమ ఒక మాట వినుము
నొచ్చి నొచ్చి ఒక తల్లి నీ వాకిటికి వచ్చినది
కూర్చుండబెట్టి కాళ్లకు కుండెడు నీళ్లు పోయవయ్య
కొడుకు అడుగుచున్నాడు, వినవయ్య సాంబయ్య

"కింద నీ పేరు ఏపియ్యి సేటూ. ఇది నీ అడుగుడు. దీనికి నేను తోడొస్త. కాని నా పద్యం నాకియ్యి."

సేటు ఆ పద్యాన్ని నా చేత మూడుసార్లు చెప్పించుకున్నాడు. మూడోసారి ఆయన కూడా పలికాడు. కండువాతో ముఖం తుడుచుకొని, పాత పద్యం సరిచేసి, ఈ కొత్తది కూడా అచ్చు వేసి ఇమ్మన్నాడు.

కటింగు ముక్కలు

పంతులుగారితో చెప్పడం మిగిలింది. ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది.

"అవ్వ విన్నదని నాతోని అన్నవ్. నిన్ను నమ్మి మిషను తిప్పిచ్చిన. ముందుగాల తప్పు దిద్దు. నువ్వు ఉండుడు, పోవుడు తర్వాత చూస్త" అన్నారు.

ఫారం మళ్లీ వేద్దామంటే కాగితం లేదు. మిషను తిప్పే ఖాసిం భాయ్‌కి తెలుగు చదవడం రాదు. గొడవంతా విని, పుస్తకాల అంచులు కోయగా మిగిలిన తెల్ల ముక్కల సంచి తెచ్చి నా ముందు గుమ్మరించాడు.

"ఫికర్ జేయకు తమ్మీ. పద్యానికి గింత జాగ సాలదా?"

సరిపోయింది. రెండు పద్యాలూ చిన్న చీటీల మీద అచ్చు వేశాం. ఆమె పద్యాన్ని తప్పు పద్యం మీద అంటించాలి, సేటు పద్యాన్ని వెనక అట్ట లోపల అంటించాలి. ప్రెస్సులో జిగురు లేదు. పుస్తకాలు బండిలో వేసుకొని కాశిబుగ్గకే పోయాం. పడుగుకు కాచిన గంజిని చిక్కగా చేసి, వాడకట్టు ఆడవాళ్లు ఐదుగురు నాతోపాటు కూర్చున్నారు. గంజి పలచనైతే కాగితం ముడత పడుతుందని, ఎక్కువైతే పేజీలు అతుక్కుంటాయని వాళ్లే నాకు నేర్పారు. రెండు రోజులు వంచిన నడుము ఎత్తకుండా పని చేశాను. మూడు వందల ప్రతుల్లో ఒక్కదాన్ని కూడా వదలలేదు. పంతులుగారు నన్ను పని నుంచి తీసెయ్యలేదు. ఏడాదిపాటు నా ఫారాలు మాత్రం తానే దగ్గరుండి చూశారు. అది న్యాయం.

సోమవారం సేటు ఇంటి వాకిట్లో జనం చేరారు. నేను మొదటి పుస్తకం తీసుకొని లచ్చమ్మ దగ్గరికి పోయి ఆఖరి పేజీ తెరిచాను.

"సదవనా అవ్వా?"

ఆమె పుస్తకం నా చేతిలోంచి మెల్లగా తీసుకొని పక్కనున్న సేటుకు ఇచ్చింది.

"నువ్వు సదువు సేటూ" అన్నది. తరువాత నా వైపు తిరిగింది. ఆమె ముఖంలో కోపం లేదు. నన్ను ఎప్పుడో క్షమించిందని నాకు ఆ క్షణంలో తెలిసింది. ఆ క్షమ ఎంతవరకో కూడా తెలిసింది.

"ఏం అనుకోకు బిడ్డా. నన్ను నేను సాంబయ్యకు అప్పజెప్పుకున్న. నీకు కాదు."

సేటు కూడబలుక్కుంటూ చదివాడు. ముక్తిని కూడ అడగను అనే మాట ఆయన నోటి వెంట వచ్చిన తరువాతే ఆమె పుస్తకాన్ని తీసుకొని కళ్లకు అద్దుకున్నది.